మాఘమాసం పెళ్ళి వీడియోలు తీసుకున్నవాళ్ళకి: తలంబ్రాల దగ్గర బొమ్మ ఎందుకు విడిపోయిందో, ఇకమీదట ఎలా ఇస్తామో

మాఘమాసం ముహూర్తాలకి మాతో వీడియో తీయించుకుని పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళినవాళ్ళలో కొంతమంది ఫోన్ చేసి ఒకే మాట చెప్పారు. వీడియో అంతా బాగానే ఉంది గానీ తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోతోంది, అమ్మాయి మొహం కూడా సరిగ్గా కనబడట్లేదు అని. ఒకాయన అయితే "4కె అని డబ్బులు తీసుకుని ఇదా ఇచ్చేది" అని నలుగురిలో అన్నారట, ఆ మాట నా దాకా వచ్చింది. పాలకొల్లులో మా నాన్నగారు వీహెచ్‌ఎస్ క్యాసెట్ల రోజుల్లో పెట్టిన స్టూడియో ఇది. మీలో కొందరి అమ్మానాన్నల పెళ్ళి క్యాసెట్లు కూడా మేం తీసినవే. అలాంటిది ఆ మాట విని ఊరుకోవడం నా వల్ల కాలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, కొంచెం పొడుగైనా చదవండి.

ముందు ఒక ధైర్యం చెబుతాను. షూటింగ్‌లో ఏ లోపమూ లేదు. కెమెరాలు నిజంగా 4కె లోనే (3840 బై 2160 చుక్కల బొమ్మ) తీశాయి, రా ఫుటేజ్ మొత్తం మా హార్డ్‌డిస్కుల్లో రెండు కాపీలుగా ఉంది, అందులో తలంబ్రాలు గింజ గింజా విడిగా కనబడుతున్నాయి. తేడా వచ్చింది మిక్సింగ్ (ఎడిటింగ్) అయిపోయాక ఎక్స్‌పోర్ట్ కొట్టే, అంటే చివరి ఫైల్ తయారుచేసే దగ్గర. ఈసారి ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి కాబట్టి కొన్ని పెళ్ళిళ్ళ మిక్సింగ్ బయట ఒక యూనిట్‌కి ఇచ్చాం. వాళ్ళ పేరు ఇక్కడ రాయను. ఏ కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి), ఎంత బిట్‌రేట్ (ఒక్కో సెకనుకి వాడే డేటా), సెకనుకి ఎన్ని ఫ్రేములు (బొమ్మలు), ఆడియో ఎలా ఉండాలి అని అన్నీ కాగితం మీద రాసి మరీ ఇచ్చాం. మొదట పంపిన పెళ్ళిళ్ళు ఆ ప్రకారమే వచ్చాయి. రద్దీ పెరిగాక వాళ్ళు మాతో ఒక్క మాట కూడా చెప్పకుండా సెట్టింగ్స్ మార్చేశారు.

ఏం మార్చారో మీకు తెలియాలి. రెండు గంటల నలభై నిమిషాల పెళ్ళి మొత్తాన్ని ఒకే ఫైల్‌గా, 4 జీబీ లోపు సరిపోయేలా నొక్కేశారు. దానికి కారణం ఉంది. మామూలుగా పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32 లో ఫార్మాట్ చేస్తారు, పాత టీవీలన్నీ చదివేది అదే. కానీ ఫ్యాట్32 లో ఒక ఫైల్ 4 జీబీ దాటితే అసలు కాపీయే అవదు. రెండు గంటల నలభై నిమిషాలు 4 జీబీలో ఇరికించాలంటే సెకనుకి మూడున్నర మెగాబిట్లు మాత్రమే మిగులుతాయి, అంటే బిట్‌రేట్ 3.5 ఎంబీపీఎస్. 4కె వీడియో అప్‌లోడ్ చేయాలంటే మామూలు ఫ్రేమ్‌రేట్‌కి 35 నుంచి 45 ఎంబీపీఎస్ ఉండాలని యూట్యూబే చెబుతుంది. వీళ్ళు ఇచ్చింది అందులో పదో వంతు. డీవీడీలు రాసే రోజుల్లో 720 బై 576 బొమ్మకే మేం 5, 6 ఎంబీపీఎస్ పెట్టేవాళ్ళం. డీవీడీల్లో వాడే ఆ ఎంపెగ్-2 పాత కుదింపు పద్ధతి, దానికి డేటా ఎక్కువ కావాలి, అది నిజమే. కానీ 4కె బొమ్మలో డీవీడీ బొమ్మకి సరిగ్గా 20 రెట్లు చుక్కలుంటాయి. అంత పెద్ద బొమ్మకి డీవీడీ కంటే తక్కువ డేటా ఇచ్చి పైన 4కె అని స్టిక్కర్ వేస్తే దాన్ని ఏమనాలి?

మరి మిగతా పెళ్ళంతా బాగుండి తలంబ్రాల దగ్గరే ఎందుకు పాడైందని చాలామంది అడిగారు. పెన్‌డ్రైవ్ కోసం వీడియోని కుదించే పద్ధతి ప్రతి ఫ్రేమునీ పూర్తిగా దాచదు, ముందు ఫ్రేముకీ ఈ ఫ్రేముకీ ఏం మారిందో అదే ఎక్కువగా రాసుకుంటుంది. పంతులుగారు మంత్రం చదువుతుంటే మండపం కదలదు, వెనక పూల అలంకరణ కదలదు, ఆయన పెదవులు, చేతులు తప్ప రాసుకోవాల్సింది పెద్దగా ఉండదు. అక్కడ మూడున్నరతో కూడా బండి నడిచిపోతుంది. తలంబ్రాలు మొదలవగానే వందల గింజలు, ఈమధ్య అందులో కలిపే థర్మాకోల్ పూసలు, పైనుంచి పేపర్ బ్లాస్ట్, అటూ ఇటూ ఫ్లాష్ లైట్లు, ఫ్రేములో ప్రతి మూలా ఒకేసారి మారిపోతుంది. రాసుకోవాల్సింది కొండంత, ఇచ్చిన డేటా గోరంత. అప్పుడు ఎన్‌కోడర్ (కుదించే సాఫ్ట్‌వేర్) వివరాలు వదిలేసి మొహాన్ని, చీరని, బియ్యాన్ని కలిపి గళ్ళుగా చేసేస్తుంది. రిసెప్షన్‌లో డ్రై ఐస్ పొగ దగ్గర మెట్లు మెట్లుగా గీతలు కనబడేదీ ఇందుకే. ఫోన్‌లో చిన్న తెర మీద చూస్తే ఇది అంతగా కనబడదు, 55 అంగుళాల టీవీలో పెట్టి బంధువులందరూ కూర్చుని చూస్తే మాత్రం దాక్కోదు.

ఆ యూనిట్‌వాళ్ళని అడిగాను. "కస్టమర్లకి ఏం తెలుస్తుందండీ, అందరూ ఫోన్‌లోనే కదా చూసేది" అన్నారు. నాకు నష్టం కంటే ఈ మాటే ఎక్కువ తగిలింది. మీకు తెలుస్తుంది. మీరే చెప్పారు కదా. పెళ్ళి మొత్తంలో అమ్మాయి, అబ్బాయి అందరి ముందూ మనసారా నవ్వేది తలంబ్రాల దగ్గరే, జనం పదేపదే వెనక్కి తిప్పి చూసేదీ అదే ముక్క. పోనీ ప్రాజెక్ట్ ఫైల్ ఇవ్వండి, మేమే సరిగ్గా ఎక్స్‌పోర్ట్ కొట్టుకుంటాం అంటే అదీ ఇవ్వమన్నారు. ఒప్పుకున్న ప్రకారం కుదింపు లేని మాస్టర్ కాపీ కూడా ఇవ్వాలి, అసలు చేయనే లేదట. ఇచ్చిన అడ్వాన్స్ గురించి వాళ్ళతో నా గొడవ నేను పడతాను, అది మీ తలనొప్పి కాదు.

ఇప్పుడు మీ సంగతి. ఆ యూనిట్‌లో మిక్సింగ్ అయిన ప్రతి పెళ్ళినీ మా ఎడియస్ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) సిస్టమ్‌ల మీద మొదటినుంచి మళ్ళీ మిక్సింగ్ చేస్తున్నాం. ఒక్క రూపాయి అడగం. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి ఆ నెలంతా ఇదే పని, శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేలోపు అందరికీ కొత్త కాపీలు చేరతాయి. పాత పెన్‌డ్రైవ్ వెనక్కి ఇవ్వక్కర్లేదు. ఇకమీదట మిక్సింగ్ బయటికి వెళ్ళదు, దానివల్ల సీజన్‌లో డెలివరీకి కొన్నాళ్ళు ఎక్కువ పట్టినా సరే.

ఇక నేను బాగా తల బద్దలు కొట్టుకున్నది కొత్త కాపీ ఏ ఫార్మాట్‌లో ఇవ్వాలన్న దాని మీద. మా ఎడిటర్ కుర్రాడు హెచ్.265 అన్నాడు, అది కొత్త కోడెక్, దాన్నే హెచ్‌ఈవీసీ అంటారు. వాడి లెక్క తప్పు కాదు. అదే నాణ్యత పాత కోడెక్ హెచ్.264 తో పోలిస్తే దాదాపు సగం డేటాలో వస్తుంది, కొత్త 4కె టీవీలన్నీ ఆడిస్తాయి, ఐఫోన్లలో 2017 నుంచీ ఉంది. "అన్నా, ఇంకా పాతదాన్ని పట్టుకుని వేలాడతామా" అని రోజూ వాదించాడు. కానీ హెచ్.264 వచ్చింది 2003 లో, హెచ్.265 వచ్చింది 2013 లో. అంతకుముందు కొన్న టీవీకి ఆ పేరే తెలియదు, ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు అమ్మిన ఫుల్ హెచ్‌డీ టీవీల్లో కూడా చాలావాటిలో అది లేదు. పెన్‌డ్రైవ్ పెడితే ఫార్మాట్ సపోర్ట్ చేయదు అని వస్తుంది, లేదంటే సన్నాయి మోగుతుంది, తెర నల్లగా ఉంటుంది. పెళ్ళికొడుకు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉంటాడు, వాడి టీవీ ఏదైనా ఆడిస్తుంది. ఆ వీడియో ఎక్కువసార్లు చూసేది మాత్రం ఊళ్ళో ఉన్న అమ్మమ్మ, ఆవిడ గోడకి ఉన్నది ఎప్పుడో కొన్న 32 అంగుళాల టీవీ. ఆవిడ చూడలేని పెళ్ళి వీడియో నేను ఇవ్వను. దీని మీద ఎవరేమన్నా నా మాట మారదు.

కాబట్టి టీవీ కాపీ ఇలా ఉంటుంది: ఎంపీ4, హెచ్.264, 1920 బై 1080, హై ప్రొఫైల్ లెవెల్ 4.1, 8 బిట్, సెకనుకి 25 ఫ్రేములు, ఆడియో ఏఏసీ 48 కిలోహెర్ట్జ్. బిట్‌రేట్ సగటున 16 ఎంబీపీఎస్, రెండు పాస్‌ల వీబీఆర్. అంటే ఎన్‌కోడర్ ముందు ఒకసారి పెళ్ళంతా చూసుకుని, మండపం కదలని చోట పొదుపు చేసి, తలంబ్రాల దగ్గర ఎక్కువ ఖర్చు పెడుతుంది. సిస్టమ్‌కి టైమ్ బాగా పడుతుంది, పట్టనివ్వండి.

చిక్కల్లా మళ్ళీ ఆ 4 జీబీ దగ్గరే. 16 ఎంబీపీఎస్‌తో 4 జీబీ అంటే సుమారు 35 నిమిషాలు. పెళ్ళి ఒకే ఫైల్‌లో పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త పద్ధతిలో ఫార్మాట్ చేస్తే పడుతుంది, కానీ అమ్మమ్మ టీవీ ఆ పెన్‌డ్రైవ్‌నే గుర్తుపట్టకపోవచ్చు. బిట్‌రేట్ తగ్గిస్తే నేనూ ఆ యూనిట్‌వాళ్ళూ ఒకటే. మిగిలింది ముక్కలు చేయడం, అది నాకు అస్సలు ఇష్టం లేదు. పెళ్ళి వీడియో పెట్టుకుని కూర్చుంటే ఆగకుండా పోవాలి, మధ్యలో రిమోట్ పట్టుకుని తర్వాతి ఫైల్ వెతుక్కోవడం ఏమిటి అని నాకే చిరాకు. మా ఇంట్లోవాళ్ళతో కూడా దీని మీద వాదన అయింది. చివరికి వాళ్ళ మాటే నెగ్గింది. ముక్క ఎక్కడపడితే అక్కడ తెగకుండా ఘట్టం ప్రకారం చేస్తున్నాం: స్నాతకం, కాశీయాత్ర, జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు, బిందెలో ఉంగరం, అప్పగింతలు. ఫైల్ పేర్లు వరస అంకెలతో ఉంటాయి, చాలా టీవీల్లో ఒకటి అయిపోగానే రెండోది దానంతటదే మొదలవుతుంది. మొదట కొత్త కాపీ తీసుకున్న ఇద్దరు ముగ్గురు ఇదే నయం, కావాల్సింది వెంటనే దొరుకుతోంది అన్నారు. నాకింకా పూర్తిగా మనసొప్పలేదు, అయినా ఇంతకంటే మంచి దారి కనబడలేదు.

4కె కి డబ్బు కట్టినవాళ్ళకి అది విడిగా ఇస్తాం: 64 జీబీ పెన్‌డ్రైవ్, ఎక్స్‌ఫ్యాట్, హెచ్‌ఈవీసీ, 35 ఎంబీపీఎస్, మొత్తం పెళ్ళి ఒకే ఫైల్. మూడు గంటల పెళ్ళి అయినా 48 జీబీ దాటదు. కంప్యూటర్‌లో ఆడకపోతే వీఎల్‌సీ ప్లేయర్ వేసుకోండి, ఉచితమే. యూట్యూబ్‌లో పెట్టుకునేవాళ్ళు కూడా ఈ ఫైలే ఎక్కించండి, వాళ్ళు ఎలాగూ మళ్ళీ కుదిస్తారు కాబట్టి మనం ఇచ్చేది నిండుగా ఉండాలి. వాట్సాప్‌లో పంపాల్సిన చిన్న క్లిప్పులని వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, నలగదు.

60 ఫ్రేములు ఎందుకు ఇవ్వరని ఒకరిద్దరు కుర్రాళ్ళు అడిగారు. మన కరెంటు 50 హెర్ట్జ్, కల్యాణ మండపాల్లో చాలా లైట్లు ఆ లెక్కనే కొట్టుకుంటాయి, 25 లేదా 50 ఫ్రేముల్లో తీస్తే ఆ రెపరెపలు రావు. అందుకే తీసేదీ ఇచ్చేదీ 25 లెక్కలోనే. స్లో మోషన్ కావాల్సిన ముక్కలు మాత్రం 50 లో తీసి సగం వేగంతో వాడతాం. అలాగే బంధువులు తీసిన ఫోన్ క్లిప్పులు కలపమని తెస్తుంటారు, సంతోషమే. కానీ కొత్త ఐఫోన్లలో హెచ్‌డీఆర్ (వెలుగునీడలు ఎక్కువ తేడాతో పట్టే మోడ్) ఆన్ చేసి తీసినవి మిగతా వీడియో పక్కన తెల్లగా వెలిగిపోయినట్టు వస్తున్నాయి, పెళ్ళికి ముందే కెమెరా సెట్టింగ్స్‌లో అది ఆపమని వాళ్ళకి చెప్పండి.

మీ దగ్గరున్న ఫైల్ ఎలాంటిదో మీరే చూసుకోవచ్చు. కంప్యూటర్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్ చూస్తే టోటల్ బిట్‌రేట్ అని ఉంటుంది. అక్కడ సుమారు 3500 కేబీపీఎస్ (అంటే 3.5 ఎంబీపీఎస్) అని ఉంటే అది ఆ యూనిట్ నుంచి వచ్చిన కాపీ, మాకు ఫోన్ చేసి పెళ్ళి తేదీ చెప్పండి చాలు. పెళ్ళిరోజు లేదా ఇంట్లో మరో శుభకార్యం దగ్గరపడినవాళ్ళది వరసలో ముందుకు తెస్తాం. మేం ఇచ్చే ప్రతి కొత్త కాపీ మీదా ఈ అంకెలన్నీ రాసిన చీటీ ఉంటుంది, ఎవరి దగ్గరైనా సరిచూసుకోండి.

శ్రావణానికి బుక్ చేసుకునేవాళ్ళు అడ్వాన్స్ ఇచ్చే రోజునే ఇంట్లో పెద్దవాళ్ళు చూసే టీవీ ఏ కంపెనీదో, మోడల్ నంబర్ ఏమిటో వెనకాల స్టిక్కర్ ఫోటో తీసి పంపండి, దాని ప్రకారం కాపీ చేస్తాం. ఇంకేం మార్పు కావాలన్నా మొహమాటం లేకుండా అడగండి. బిట్‌రేట్ తగ్గించి అంతా ఒకే ఫైల్‌లో ఇచ్చేయమని మాత్రం అడగొద్దు, ఎంత దగ్గరివాళ్ళైనా అది మా స్టూడియో నుంచి రాదు.