గోల్డెన్ థ్రెషోల్డ్ ఒక్కరి ఇల్లు కాదు

సంపాదకుల వారికి,

అయ్యా,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో నాంపల్లి స్టేషన్ రోడ్డులో సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన గోల్డెన్ థ్రెషోల్డ్ అనే ఇంటి గురించి వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. సరోజినీ నాయుడు బెంగాల్ నుంచి హైదరాబాదుకు కోడలిగా వచ్చారని మీ విలేకరి రాశారు. ఆమె 1879 ఫిబ్రవరి 13న ఈ హైదరాబాదులోనే పుట్టారు. ఈ ఊరి ఆడపడుచును మీరు కోడలిని చేశారు. వారం గడిచినా సవరణ రాలేదు కనుక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

ఆ ఇంటికి పెద్ద ఆమె తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ. ఎడింబరోలో డాక్టరేటు పొంది ఇక్కడికి వచ్చి, తరువాత నిజాం కళాశాలగా మారిన విద్యాసంస్థకు తొలి ప్రిన్సిపాల్ అయిన ఆయన, నిజాం సర్కారు తలపెట్టిన చాందా రైలు మార్గం ఒప్పందం గురించి ప్రజలకు తెలియజేయాలని పట్టుబట్టినందుకు 1883లో నగర బహిష్కరణకు గురయ్యారు. సర్కారును ప్రశ్నించి హైదరాబాదు విడిచి పోవలసి వచ్చిన ఆ మనిషి పేరు మీ వ్యాసంలో ఒక్కసారి కూడా లేదు. సరోజినికి 1898లో మద్రాసులో డాక్టర్ గోవిందరాజులు నాయుడుతో కులాంతర వివాహం జరిపించినవారు మన కందుకూరి వీరేశలింగం పంతులు గారు. తెలుగు పత్రిక ఈ మాట రాయకపోతే ఇంకెవరు రాస్తారు? ఆ డాక్టరు గారిని మీరు "భర్త" అని మాత్రమే రాసి సరిపెట్టారు.

ఇంకా ఉంది. సరోజిని తమ్ముడు వీరేంద్రనాథ్ విప్లవకారుడిగా దేశాలు తిరిగి 1937లో మాస్కోలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. మరో తమ్ముడు హరీంద్రనాథ్ 1952లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. అదే లోక్‌సభకు మెదక్ నుంచి సరోజిని కుమారుడు జయసూర్య ఎన్నికయ్యారు. మేనమామ, మేనల్లుడు ఒకే సభలో, ఇద్దరూ తెలుగు ఓటర్లు పంపినవారే. సరోజిని కుమార్తె పద్మజ పశ్చిమ బెంగాల్ గవర్నరయ్యారు. ఇంతమంది ఉన్న ఇంటిని ఒక్క ఫొటోకూ, "కోకిల కూసిన ఇల్లు" అనే శీర్షికకూ కుదించడం అన్యాయం. ఆ ఇంటికి గోల్డెన్ థ్రెషోల్డ్ అనే పేరు 1905లో వెలువడిన సరోజిని తొలి కవితా సంపుటి నుంచి వచ్చిందనైనా రాయవలసింది.

1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం తొలి రోజుల్లో ఆ ఇంట్లోనే నడిచింది. నేను అక్కడ చదువుకున్నాను. పాఠం మధ్యలో నాంపల్లి స్టేషను నుంచి రైలు కూత వినిపిస్తే మా మాస్టారు ఒక్క క్షణం ఆగి, కూత ముగిశాక అదే వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి చెప్పేవారు. ఎండ వరండా మెట్ల మీదికి రాకముందే మేమంతా అక్కడ చోటు పట్టుకునేవాళ్లం. మొన్న ఆ దారిన వెళుతూ అబిడ్స్‌లో ఇద్దరు దుకాణదారులను ఆ ఇంటి పేరు అడిగితే, అదేదో హోటలా అని ఎదురడిగారు. తప్పు వాళ్లది కాదు, చెప్పేవాళ్లు లేరు.

పాత ఇళ్ల విషయంలో ఈ నగరంలో పరిస్థితి అంతా ఇలాగే ఉంది. ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చకుండా 2019లో హైకోర్టు అడ్డుపడవలసి వచ్చింది. మా వీధిలో రాతి కమాను ఉన్న ఇంటిని ఒక శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి సోమవారానికల్లా నేలమట్టం చేశారు. మేము అర్జీ పట్టుకుని వెళితే సంబంధిత అధికారి సెలవులో ఉన్నారన్నారు. మరుసటి వారం వెళితే అది తమ విభాగం పరిధిలోకి రాదన్నారు. పోయిన కమానును ఇక ఎవరు తెస్తారు?

నేను కోరేది రెండే. గోల్డెన్ థ్రెషోల్డ్ ముందు, రోడ్డున పోయేవారికి కనిపించేలా, అఘోరనాథ్ నుంచి పద్మజ వరకు అక్కడ నివసించినవారి పేర్లతో తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక బోర్డు పెట్టించాలని మీ పత్రిక గట్టిగా అడగాలి. రెండోది, సరోజినీ నాయుడు పుట్టిన ఊరి విషయంలో సవరణ వేయాలి. అది లోపలి పేజీ అడుగున కాకుండా, వ్యాసం వచ్చిన చోటే, అంతే పెద్ద అక్షరాలతో రావాలి.

ఇట్లు,
విశ్రాంత అధ్యాపకుడు,
బర్కత్‌పురా, హైదరాబాద్