తడిచెత్త ఎరువు మా వార్డులోనే అమ్మండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది విజయనగరం. మా ఇంటి పక్కన ఐదు సెంట్ల ఖాళీ సైటు, అంటే 242 గజాలు. ఓనరు గారు బెంగళూరులో ఉంటారు, ఖాళీగా ఉంటే పాములు చేరుతున్నాయి మీరే ఏదైనా వేసుకోండమ్మా అన్నారు, నాలుగేళ్ళ నుంచి నేనూ మా ఆడపడుచూ కూరలు వేస్తున్నాం.

టౌనులో చాలామంది కార్తీకంలో మొదలెట్టి టమాటా, వంకాయ కాసినన్నాళ్ళు సంబరపడి మార్చి రాగానే వదిలేస్తారు. మొదటేడు మేమూ అంతే, ఎండాకాలం నేలని ఉత్తిగా వదిలేస్తే పైమట్టి అట్టకట్టేసి జూన్‌లో పార దిగలేదు. అప్పట్నుంచి మడి ఒక్కరోజు ఖాళీ ఉంచట్లేదు. ఎండల్లో బెండ, గోంగూర, బచ్చలి, మొదళ్ళ చుట్టూ ఎండుగడ్డి. తొలకరికి బీర, ఆనప పందిరెక్కుతాయి, చిక్కుడు కూడా అప్పుడే పెడితే సంక్రాంతికి కాస్తుంది. తోటకూర 25, 30 రోజుల్లో కోతకొస్తుంది కదా, అందుకే మొత్తం ఒకేసారి చల్లకుండా పది రోజులకో మడి చల్లుతాం, అలాగైతేనే ఏ వారం చూసినా ఇంట్లోకి ఆకుకూర ఉంటుంది. అక్టోబరంటే మాత్రం భయమే, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుఫాన్లు చూసినవాళ్ళం, పైడితల్లమ్మ పండగ నాటికి పందిరి మీద కాయ ఎంత ఉంటే అంత కోసేస్తాం. కంద, చేమ నేల లోపల ఉంటాయి కాబట్టి గాలికి పోవు.

ఇంత పంట ఆగకుండా తీస్తుంటే నేలకి తిండి కూడా ఆగకూడదు కదండీ. జీవామృతం అనే ద్రవ ఎరువు ఎకరానికి 200 లీటర్లు చెప్తారు, మా ఐదు సెంట్లకి పది లీటర్లే, అన్ని నీళ్ళకి అరకిలో పేడ, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, కాస్త ఆవు పంచితం, గుప్పెడు మట్టి చాలు, అది కష్టం కాదు. కష్టమంతా గెత్తానికే, అంటే పశువుల ఎరువుకే. పల్లెలో అయితే కళ్ళం పక్కనే ఉంటుంది, టౌనులో ఎక్కణ్ణుంచి తేవాలి? మా రెండిళ్ళ కూరగాయ తొక్కలు ఒక మడికి కూడా చాలవు.

ఊరంతా రోజూ పారేస్తున్నది అదే. తడిచెత్తకి రెండింతలు ఎండాకులు కలిపి తడి ఆరకుండా తిరగేస్తుంటే రెండు మూడు నెలల్లో మంచి ఎరువవుతుంది. తడి, పొడి, ప్రమాదకర చెత్త ఇంట్లోనే వేరు చెయ్యాలని 2016 ఘనవ్యర్థాల నిర్వహణ రూల్స్‌లోనే చెప్పారు, కానీ మా వీధిలో సగంమంది ఇప్పటికీ ఒకే బకెట్లో పడేస్తారు, అందులో ఒక్క డైపరు పడినా ఆ ఎరువు కూరమడిలో వెయ్యబుద్ధి కాదు. దయచేసి వేరు చెయ్యండి, చేతులెత్తి అడుగుతున్నా.

అధికారులకి నా మనవి ఒక్కటే, వార్డుకో చోట తడిచెత్త గుంతలు కట్టించి, ఎరువు జల్లించి పది కిలోల బస్తాల్లో ఆ వార్డులో మొక్కలు పెంచేవాళ్ళకే అమ్మండి. ఉచితంగా వద్దు, డబ్బిచ్చి కొంటాం.

ఖాళీ సైట్ల ఓనర్లకి కూడా ఒక మాట. ఇల్లు కట్టుకునేటప్పుడు నెల ముందు చెప్పండి చాలు, ఉన్న తోటకూర కోసేసుకుని మీ స్థలం మీకు అప్పజెప్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయనగరం