47 శాతం దుంప

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ బండోడా,

ముందు కరువుతీరా తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. జవాబు రాద్దామని రెండుసార్లు కూర్చున్నా, రెండుసార్లూ కరెంటు పోయింది. నమ్మవని తెలుసులే. పెద్దదానికి టెన్త్ పరీక్షల టెన్షన్, చిన్నోడికి పన్ను ఊడింది, నా మోకాలు అలాగే ఉంది, మీ చెల్లెలు నిన్ను అడిగానని రాయమంది. అయిపోయాయి కబుర్లు. మా తమ్ముడు రాత్రి కోణార్క్‌లో పుణె బయల్దేరుతున్నాడు, వాడి చేత ఈ ఉత్తరమూ పావుకిలో కాఫీ పొడీ పంపిస్తున్నా. పొడి ఎందుకో చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

మా మావగారు తెలుసుగా, తెనాలి మనిషి. నా పెళ్లిలో విడిదింటి కాఫీ దగ్గరుండి కలిపించారే, నువ్వు మూడు గ్లాసులు తాగి నాలుగోదానికి చొక్కా మార్చుకుని వెళ్లావే, ఆయన. పదిహేడేళ్లుగా మా ఇంటికొచ్చిన ప్రతిసారీ రెండు గుక్కలు తాగి, "బాగుందమ్మా" అని గ్లాసు కింద పెట్టి, వాకింగ్ పేరు చెప్పి వీధి చివర హోటల్‌కి వెళ్తారు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

పోయిన నెల వచ్చినప్పుడు మాత్రం పొడి ప్యాకెట్ ఇలా ఇమ్మన్నారు. కళ్లజోడు పెట్టుకుని, వెనకాల చీమ తలకాయంత అక్షరాలు చదివి, "అల్లుడుగారూ, కాఫీ 53, చికోరీ 47. ఇన్నాళ్లూ మీరు తాగింది సగం దుంపండీ" అన్నారు.

నిజంరా. చికోరీ అసలు కాఫీయే కాదు, వేరే మొక్క వేరు, వేయించి పొడి కొడతారు. కాఫీ 51 శాతానికి తగ్గకుండా ఉంటే చట్టం ఒప్పుకుంటుంది, అంకె ప్యాకెట్ మీద వేస్తే చాలు. వాళ్లు వేశారు, చదవనిది నేను. నల్లగా చిక్కగా దిగితే ఆహా ఏం డికాషన్ అని మురిసిపోయేవాణ్ణి. నవ్వకు, మీ ఇంట్లో ప్యాకెట్ కూడా తిప్పి చూడు.

పౌరుషం వచ్చేసింది. వెళ్లి అరకు గింజలు కొనేశా, వేయించినవి, అచ్చంగా కాఫీ. అరకు అనగానే నువ్వు రైలు దారిలో సొరంగాల లెక్క ఎత్తకు, 58 అని నేనన్నదే కరెక్టు, పందెం బొంగులో చికెన్ బాకీ అలాగే ఉంది. సిల్వర్ ఓక్ నీడలో ఎర్రటి పండు కోసి కొరికి, "కాఫీ వాసనే లేదేంట్రా, మోసం" అని తోటలో గొడవ పెట్టుకున్నావు చూడు, ఆ కాఫీకే 2019లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. వాసనంతా వేయించడంలో పుడుతుందిరా బాబూ.

గింజలు మిక్సీలో వేసి మైదాలా అయ్యేదాకా తిప్పా. అటక మీంచి అమ్మ ఫిల్టర్ దించా. ఆ స్టీలుది, పక్కన అమ్మ పేరు చెక్కి ఉంటుంది. పరీక్షలని వంక పెట్టి రాత్రి రెండింటిదాకా దాన్ని ఖాళీ చేసేవాళ్లం. అమ్మ పోయాక ఎవరూ ముట్టలేదు.

తెల్లవారి ఐదింటికి లేచి, పొడి వేసి, గట్టిగా అదిమి, కుతకుతా మరిగే నీళ్లు పోసి కూర్చున్నా. ఐదున్నర. చుక్క లేదు. ఆరు. మూత తీస్తే పోసిన నీళ్లు పోసినట్టే. గరిటెతో కొట్టా. ఊదా. ఊదావా అంటావు, ఊదానురా. చివరికి పై గిన్నె పట్టుకుని మెలిపెట్టి లాగితే ఒక్కసారిగా ఊడొచ్చింది. స్టవ్ మీద, బనీను మీద, గోడ క్యాలెండర్ మీద కాఫీ. తలెత్తితే గుమ్మంలో మావగారు.

ఒక్క మాట అనలేదు. గిన్నె కడిగి ట్యూబ్‌లైట్‌కి ఎత్తి చూసి, "కన్నాలేవండీ?" అన్నారు. సగం పైగా పూడిపోయాయి. పటకారుతో గిన్నె అడుగు మంట మీద పట్టారు. కన్నాల్లో గడ్డకట్టిన పొడి ఎర్రగా రాజుకుంది. అప్పుడొచ్చిందిరా వాసన. మాడు వాసనే, కానీ అది అమ్మ వేసిన పొడి కదా, ఎన్నేళ్ల కిందటిదో... పొగ కళ్లలో పడిందన్నా. ఆయన కిటికీ తీశారు. సరేలే.

తర్వాత పాఠం. నువ్వూ ఇలాగే చెయ్యి. మిగిలిన గింజలు ఆపి ఆపి తిప్పించారు, బొంబాయి రవ్వ కంటే కాస్త సన్నం, అంతకు మించి వద్దు. పొడి అదమకూడదు, తట్టి సమం చేస్తే చాలు. నీళ్లు మరిగాక దించి ఓ నిమిషం ఆగాలి. ముందు పొడి తడిసేంత పోసి అర నిమిషం చూడు, బుడగలు తీస్తూ పొంగుతుంది. పొంగలేదంటే పొడి పాతబడ్డట్టే. తర్వాత మిగతా నీళ్లు, మూత, ఇరవై నిమిషాలు. పై గిన్నె మరీ బిగించకు, కింద ఉన్న గాలికి దారి లేకపోతే డికాషన్ దిగదు. పాలు అప్పుడే పొంగినవి ఉండాలి. డికాషన్‌ని మాత్రం మళ్లీ మరిగించావో, తెనాలి నుంచి వచ్చి మరీ కొడతారు.

రంగు చూసి నేను డీలా పడిపోయా, మన పాత కాఫీ నలుపు లేదు. తాగితే, ఏం చెప్పనురా, చేదు తగ్గి వెనకాల ఏదో పండు పులుపు లాంటిది. మావగారు గ్లాసు ఖాళీ చేశారు. ఖాళీ! చేసి, "కొంచెం చికోరీ పడాలండీ, ఓ 15 శాతం" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. మరి నిన్న దుంప అన్నారేంటండీ అంటే, "ఉప్పు కూరలో వేస్తాం గానీ ఉప్పులో కూర వెయ్యం కదండీ" అని నవ్వారు. నేనింకా ఒప్పుకోలేదు, నా గ్లాసులో దుంప పడనివ్వను. నీకు పంపేది మాత్రం ఆయన లెక్క ప్రకారమే కలిపింది, నువ్వు ఎవరి పక్షమో తేల్చు. గాలి దూరని డబ్బాలో పొయ్యి, ఫ్రిజ్‌లో పెట్టకు, పెరుగన్నం వాసన పట్టేస్తుంది. మీ ఫిల్టర్ కూడా ఓసారి లైటుకి ఎత్తి...

తమ్ముడు ఆటో పిలిచేశాడు, చెప్పులేసుకుని అరుస్తున్నాడు. ఆ రోజు మావగారు వాకింగ్‌కి వెళ్లారా లేదా అని కదా నీ అనుమానం? వెళ్లారు. కానీ హోటల్ దాకా వెళ్లి ఏం చేశారో తెలుసా, నన్ను కూడా... వస్తున్నానురా బాబూ వస్తున్నా! మిగతాది ఫోన్‌లో.

నీ
లెక్క తప్పనోడు