కారం నల్లగా ఉండే ఊరి నుంచి

షాన్లీఉర్ఫా,
సెప్టెంబర్, ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

తుర్కియేలో కప్పడోకియా వెళ్లి బెలూన్ ఎక్కి ఫోటోలు పంపమన్నావు కదా, ఎక్కలేదు. ఇస్తాంబుల్‌లో ఆఫీసు పని అయ్యాక నాలుగు రోజులు మిగిలితే, ఆ బెలూన్ డబ్బులతో విమానం టికెట్ కొని ఆగ్నేయ మూలకి, సిరియా సరిహద్దు దగ్గరికి వచ్చి పడ్డాను. తిట్టుకో, కాకపోతే ఉత్తరం పూర్తిగా చదివాక తిట్టుకో. వాట్సాప్‌లో చెబితే ఒక బొటనవేలు బొమ్మ పడేసి ఊరుకుంటావని హోటల్ వాళ్ల దగ్గర కాగితాలు అడుక్కుని మరీ రాస్తున్నా.

ఊరి పేరు ఉర్ఫా. చుట్టూ ఉన్న ప్రాంతానికీ అదే పేరు. తుర్కియేలో 81 ప్రావిన్సులుంటే అందులో ఇదొకటి. వైశాల్యంలో మన పాత ఉమ్మడి అనంతపురం జిల్లా అంత ఉంటుంది, జనం 22 లక్షల దాకా. కుర్దులు, అరబ్బులు, తుర్కులు కలిసే ఉంటారు. బజార్లో ఒక కొట్టాయన కుర్దిష్‌లో బేరమాడి, అరబిక్‌లో ఫోన్ మాట్లాడి, తుర్కీలో నాకు చిల్లర లెక్క చెప్పాడు. ముందున్న 'షాన్లీ' బిరుదు. 'కీర్తిగల' అని అర్థం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చి కూర్చున్న ఫ్రెంచి సైన్యాన్ని 1920 ఏప్రిల్ 11న ఊరివాళ్లు వెళ్లగొట్టారు. దానికి బిరుదివ్వడానికి పార్లమెంటుకి 1984 దాకా తీరలేదు. పక్క ఊరు ఆంతెప్‌కి మాత్రం 'గాజీ' (యుద్ధవీరుడు) బిరుదు 1921లోనే వచ్చేసింది. ఉక్రోషం ఉండదా మరి!

మొదటి సాయంత్రం చేపల్ని చూడ్డానికి వెళ్లాను. ఊరి నడిబొడ్డున, కోట కొండ కింద, రెండు కొలనులున్నాయి. వాటి నిండా చేపలు, మన బొచ్చె, రోహుల వంశమే. మేత పొట్లం కొని చల్లితే ఒకదాని మీద ఒకటి ఎక్కి నోళ్లు తెరుస్తాయి. వాటిని ఎవరూ పట్టరు, తినరు. తింటే కళ్లు పోతాయట. నీకు ఇప్పటికే పులుసు గుర్తొచ్చి ఉంటుంది, మానుకో.

కథ నీకు కొత్తగా అనిపించదు. హిరణ్యకశిపుడి చోట నెమ్రూత్ అనే రాజుని, ప్రహ్లాదుడి చోట ఇబ్రహీం ప్రవక్తని పెట్టుకుంటే చాలు. విగ్రహాలు పగలగొట్టాడని రాజుకి కోపం వచ్చి, ఊళ్లో కట్టెలన్నీ పోగేయించి, కొండ మీంచి ఆ మంటలోకి విసిరేయించాడట. నిప్పు నీళ్లయింది, కట్టెలు చేపలయ్యాయి. కోట మీద రెండు పొడవాటి స్తంభాలున్నాయి, వాటి మధ్య వడిసెల కట్టి విసిరారని చెబుతారు. నిజానికి వాటిలో ఒకదాని మీద సిరియాక్ అనే పాత భాషలో శాసనం ఉంది. షల్మత్ అనే రాణి గౌరవార్థం నిలిపిన స్తంభం అది. అయినా కథకి శాసనంతో పనేముందిలే. 4వ శతాబ్దం చివర్లో ఎజీరియా అనే క్రైస్తవ యాత్రికురాలు ఈ ఊరొచ్చి, రాజుగారి భవనంలోని చేపల కొలనుల గురించి రాసిపెట్టింది. అంటే ఇస్లాం పుట్టడానికి 200 ఏళ్లకు పైగా ముందే ఈ చేపలకి ఎవరో మేత వేస్తూనే ఉన్నారు.

అప్పట్లో ఊరి పేరు ఎడెస్సా. చంద్రగుప్త మౌర్యుడితో సంధి చేసుకుని 500 ఏనుగులు పుచ్చుకెళ్లిన సెల్యూకస్ గుర్తున్నాడా, స్కూల్లో నువ్వు నా పేపర్ చూసి రాసిన ప్రశ్న? ఇంచుమించు ఆ రోజుల్లోనే ఆయన ఈ ఊరు కట్టించి తన మాసిడోనియాలోని ఊరి పేరు పెట్టాడు. ఇక్కడి మాటే సిరియాక్ భాషగా నిలబడింది. కేరళలో సిరియన్ క్రైస్తవుల ప్రార్థనల్లో వినిపించేది అదే. మైలాపూర్‌లో చనిపోయాడని చెప్పుకునే సెయింట్ థామస్ అస్థికల్ని తర్వాత ఎడెస్సాకే తెచ్చారని సంప్రదాయం. 1098లో క్రూసేడర్లు, అంటే జెరూసలేం కోసం యుద్ధానికొచ్చిన యూరప్ క్రైస్తవులు, తమ మొదటి రాజ్యం ఇక్కడే పెట్టుకున్నారు, 1144లో జంగీ అనే ముస్లిం పాలకుడు లాగేసుకున్నాడు. ఈ రాజుల జాబితా ఇక్కడితో ఆపేస్తా, నాకే నిద్రొస్తోంది.

ఒక్కటి మాత్రం దాటేయలేను. ఇక్కడ ఫిర్‌ఫిర్లీ మసీదు అని ఉంది. చూడగానే చర్చి అని తెలిసిపోతుంది. ఆర్మేనియన్ల పన్నెండుమంది అపొస్తలుల చర్చి అది. 1895లో ఈ ఊళ్లో మరో ఆర్మేనియన్ చర్చిలో తలదాచుకున్న వేలమందిని లోపలే తగలబెట్టారు. మిగిలినవాళ్లని 1915లో చంపారు, తరిమేశారు. మా గైడ్ కుర్రాడు రాజుల పేర్లన్నీ గడగడా చెప్పి, ఈ చోట మాత్రం "టీ తాగుదామా" అన్నాడు. తాగాం. నేనూ ఇంకేం అడగలేదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. దీనికోసమే నీకు ఉత్తరం.

ఊరికి ఓ 15 కిలోమీటర్ల దూరంలో గోబెక్లి తెపె ఉంది. 'బొజ్జ కొండ' అని అర్థం, చూడ్డానికి అలాగే ఉంటుంది. 1963లో సర్వే చేసినవాళ్లు పైన కనిపించిన రాళ్లు చూసి ఏవో పాత సమాధులనుకుని వెళ్లిపోయారు. 1994లో క్లాస్ ష్మిత్ అనే జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త వచ్చి, అవే రాళ్లు చూసి, ఇది మామూలు చోటు కాదని పట్టేశాడు. తవ్వితే గుండ్రటి కట్టడాలు, వాటిలో ఇంగ్లీషు 'టీ' అక్షరం ఆకారంలో రాతి స్తంభాలు బయటపడ్డాయి. కొన్ని ఐదున్నర మీటర్ల ఎత్తు. వయసు 11,000 ఏళ్ల పైమాటే. అప్పటికి కుండ లేదు, లోహం లేదు, చక్రం లేదు. పొలం దున్నడం, మందలు మేపడం ఇంకా మొదలవలేదు. వేటాడి బతికేవాళ్లు రాతి పనిముట్లతో నక్కల్ని, అడవి పందుల్ని, తేళ్లని, రాబందుల్ని చెక్కారు. మధ్యలో ఉన్న పెద్ద స్తంభాలు మనుషులేరా! ముఖం ఉండదు కానీ పక్కల చేతులుంటాయి, వేళ్లు పొట్ట మీదికి వస్తాయి, కింద మొలతాడులా నడికట్టు. భోజనం చేసి అరుగు మీద నిలబడ్డ పెద్దమనుషుల్లా అనిపించారు నాకు.

ష్మిత్ ఎలా గుర్తుపట్టాడో తెలుసా? అంతకుముందు ఇదే ప్రావిన్సులో, యూఫ్రటీస్ లోయలో నెవాలి చోరి అనే చోట తవ్వకాల్లో పనిచేశాడు. ఇలాంటి స్తంభాలు అక్కడ చూసి ఉన్నాడు. అక్కడ 1983లో మొదలై 1991 దాకా హడావుడిగా తవ్వారు. ఎందుకు హడావుడి అంటే, నదికి దిగువన అతాతుర్క్ డ్యామ్ కడుతున్నారు. 1992లో నెవాలి చోరి నీళ్లలో మునిగిపోయింది. అక్కడి గుడిలాంటి కట్టడాన్ని విప్పి తెచ్చి ఉర్ఫా మ్యూజియంలో మళ్లీ పేర్చారు.

మ్యూజియంలో దాని ముందు నిలబడితే నాకు నాగార్జునకొండే కనబడింది మామా. సాగర్ నీళ్లొస్తాయని ఆదరాబాదరాగా తవ్వడం, దొరికిన స్తూపాల్ని, మండపాల్ని కొండ మీదా, ఒడ్డునున్న అనుపులోనూ మళ్లీ కట్టడం, అచ్చం అదే కథ. మీ తాతయ్య వాళ్ల ఊరు కూడా ఆ నీళ్ల కిందే ఉంది కదా. వేసవిలో నీళ్లు తగ్గితే ఒడ్డున నిలబడి "అదిగో, అక్కడ మా చింతచెట్టు" అని వేలు చూపించేవాడాయన, గుర్తుందా? ఇక్కడ హల్ఫెతిలో ఇంకో డ్యామ్ నీళ్లు 2000లో ఊళ్లని ముంచేశాయి. సావషాన్ అనే పల్లె మసీదు మునిగింది, మినారు మాత్రం నీళ్లలోంచి లేచి ఉంది. జనం పడవల్లో వెళ్లి దాని ముందు సెల్ఫీలు దిగుతున్నారు. నాకు ఎందుకో ఫోను తీయబుద్ధి కాలేదు.

అయితే తెల్లారి హర్రాన్ వెళ్లాక ఆ అతాతుర్క్ డ్యాముని తిట్టడానికి నోరు రాలేదు. అది ఊరికి దక్షిణాన, సరిహద్దు వైపు మైదానం. ఎండ మన పల్నాడు ఎండే. డ్యామ్ నుంచి ఒక్కోటి 26.4 కిలోమీటర్ల పొడవున్న జంట సొరంగాల్లో నీళ్లు తెచ్చి, 1995లో ఈ మైదానానికి వదిలారు. మన వెలిగొండ సొరంగాలు గుర్తొచ్చి ఒక నిట్టూర్పు విడిచాను. ఇప్పుడు కనుచూపు మేర పత్తి. పొలం గట్టు మీద కూర్చున్న రైతుని కదిలిస్తే, నీళ్లు రాకముందు కూలికి అదానా నగరం వైపు వలస పోయేవాళ్లమన్నాడు. ఆ పక్కనే నేల తెల్లగా పూసి ఉంది. నీళ్లు ఎక్కువ పెట్టేసరికి కొన్నిచోట్ల ఉప్పు పైకి తేలిందట. ఇక డ్యామ్ నింపడానికి 1990 జనవరిలో నెలరోజులు యూఫ్రటీస్ నది ఆపితే సిరియా, ఇరాక్ మండిపడ్డాయి. ఎగువ, దిగువ గొడవలు మనకి కొత్తా!

హర్రాన్‌లో మట్టి ఇళ్లు తేనెపట్టుల్లా శంకు ఆకారంలో ఉంటాయి. బయట మాడిపోతుంటే లోపల చల్లగా ఉంది. క్రీ.పూ. 53లో రోమన్ ధనవంతుడు క్రాసస్ ఇరాన్ వైపు పార్థియన్ల బాణాలకి సైన్యాన్ని పోగొట్టుకున్నది ఈ చుట్టుపక్కలే. ఖగోళ శాస్త్రవేత్త అల్ బత్తానీ పుట్టిందీ ఇక్కడే. 1,100 ఏళ్ల కిందట ఏడాదికి 365 రోజుల 5 గంటల 46 నిమిషాల 24 సెకన్లని లెక్కగట్టాడాయన. రెండు నిమిషాల చిల్లర మాత్రమే తేడా.

బిరెజిక్ అనే ఊళ్లో బోడితల కొంగల్ని కూడా చూశా. 'కెలైనక్' అంటారు. 1950ల్లో చల్లిన పురుగుమందులకి పోయినవి పోగా, స్వేచ్ఛగా వలస వెళ్లేవి 1989తో అయిపోయాయి. ఇప్పుడు పెంచుతున్నవాటిని వలస కాలం రాగానే వల కట్టిన పంజరాల్లో పెట్టేస్తారు, దక్షిణానికి వెళితే తిరిగి రావని భయం.

ఇక తిండి. పొద్దున్నే టిఫిన్‌కి ఇనప ఊచకి గుచ్చి కాల్చిన కార్జం తింటారు ఈ జనం. మన ఇడ్లీ సమయంలో! కానీ నన్ను పడగొట్టింది ఇసోట్. ఇక్కడి మిరప్పొడి. మనకి మిరప ఎర్రగా ఎండితే రేటు, వీళ్లకి నల్లబడితే రేటు. పండు మిరపని చీల్చి, గింజలు తీసి, పగలంతా మేడ మీద ఎండబెట్టి, రాత్రికి మూటగట్టి చెమర్చనిస్తారు. అలా రోజుల తరబడి చేస్తే నేరేడు పండు రంగుకి తిరుగుతుంది. తర్వాత దంచి కాస్త ఉప్పు, నూనె పట్టిస్తారు. నోట్లో వేసుకుంటే ముందు ఎండుద్రాక్షలా తియ్యగా తగిలి, మింగాక గొంతులో మొదలవుతుంది.

దాంతో చేసేదే చీ కోఫ్తే. 'చీ' అంటే పచ్చిది. పచ్చి మాంసం, సన్న గోధుమ రవ్వ, ఇసోట్ వేసి గంటసేపు పిసుకుతారు. పేరు విన్నప్పుడు నేనూ తెలుగులోనే 'ఛీ' అన్నాను. ఇప్పుడు కొట్లలో పచ్చి మాంసంతో అమ్మనివ్వరు, మాంసం లేనిదే దొరుకుతుంది కాబట్టి ధైర్యంగా నాలుగు లాగించా. నెమ్రూత్ కట్టెలన్నీ పోగేసుకుపోతే పొయ్యి వెలిగించుకోను పుల్ల లేక ఈ వంట పుట్టిందంటారు. ముద్దని పైకప్పుకి విసిరితే అతుక్కోవాలట, అప్పుడు కుదిరినట్టు.

ఇది తినేది 'సిరా గెజెసి'లో. సిరా అంటే వంతు, గెజె అంటే రాత్రి. చలికాలంలో స్నేహితులు వారానికొకరింట్లో చేరి, పాడుకుని, తిని, ఊరి కష్టసుఖాలు మాట్లాడుకునే వంతుల రాత్రి. నేను చూసింది టూరిస్టులకి టికెట్ పెట్టి చేసే ఆట. మైకు హోరు భరించలేకపోయా. కానీ ఒక ముసలాయన తాళం లేకుండా గొంతెత్తి సాగదీసి పాడాడు, రాగాలాపన లాగా. ఆ రెండు నిమిషాలకీ టికెట్ డబ్బులు వచ్చేశాయి. చివర్లో మిర్రా అనే చేదు కాఫీ, గుక్కెడంటే గుక్కెడు. తాగిన కప్పు పోసినవాడి చేతికే ఇవ్వాలి. కింద పెట్టావో, కప్పు నిండా బంగారం పోయాలి, లేదా వాడికి పెళ్లి చేయాలి. తెలియక కింద పెట్టేశా. అందరూ చప్పట్లు. కుర్రాడు మాత్రం ఆశగా చూశాడు పాపం.

అమ్మకి కిలో ఇసోట్ తెస్తున్నా. నూనె పట్టించి ఉంటుంది, మళ్లీ ఎండబెట్టొద్దని చెప్పు. డిసెంబర్‌లో వచ్చినప్పుడు అనుపు వెళ్దాం. నాగార్జునకొండకి లాంచీలు తిరుగుతున్నాయో లేదో ఈలోపు కనుక్కుని ఉంచు.

ఉంటా మరి,
నీ బెలూన్ ఎక్కని వెధవ