ఎండోస్కోప్ ఇంకా బాగవలేదు, పెద్ద దవడ పళ్ల సర్జరీలు ఆపేశాను

రూట్ కెనాల్ అయ్యాక కూడా వేరు కొన దగ్గర చీము తగ్గక, చిగురు కోసి చేసే సర్జరీకి డేట్ తీసుకున్నవాళ్లకి మొన్న మా క్లినిక్ నుంచి ఫోన్లు వచ్చాయి. "వాయిదా పడింది" అని మాత్రమే చెప్పించాను. తెనాలిలో పదమూడేళ్లుగా పిల్లల్ని, పెద్దల్ని వెంటబెట్టుకుని నా దగ్గరికే వస్తున్న మీకు ఆ ఒక్క మాట సరిపోదు.

ఈ సర్జరీలో వేరు చివర 3 మిల్లీమీటర్లు కోసేస్తాం. కాలువ నుంచి చీలే సన్నటి పాయలు ఎక్కువగా ఆ ముక్కలోనే ఉంటాయి. కోసిన చోటి నుంచి లోపలికి మరో 3 మిల్లీమీటర్లు అల్ట్రాసోనిక్ మొనతో తొలిచి, ఎంటీఏ అనే పళ్ల సిమెంటుతో మూస్తాం. రెండు కాలువల మధ్య దారమంత సందు ఉన్నా, వేరు మీద సన్న పగులు ఉన్నా అప్పుడే కనబడాలి. లోపలి భాగాన్ని పెద్దదిగా చేసి చూపే సన్నటి కెమెరా గొట్టం, ఈ ఎండోస్కోప్, కొన్నది అందుకే.

జూన్‌లో దాని లెన్సులోకి తేమ చేరి బొమ్మ మసకబారింది. అమ్మిన డీలరు "పది రోజులు మేడమ్, ఈలోగా వేరేది పంపిస్తాం" అన్నాడు. వేరేది రానేలేదు. ఒకసారి పార్టు రావాలన్నాడు, ఒకసారి కస్టమ్స్‌లో ఆగిందన్నాడు, ఇంకోసారి ఇంజనీరు సెలవన్నాడు. నలభై ఆరో రోజున పార్సిల్ వచ్చింది. పెట్టె విప్పగానే రూపాయి బిళ్ల మీద పెట్టి చూశాను. నడుమ అంకె చక్కగా కనబడుతోంది, చుట్టూ పాలు ఒలికినట్టు తెలుపు. ఫోన్ చేస్తే "అంచుల్లోనే కదా మేడమ్, మధ్యలో బాగానే ఉందిగా" అన్నాడు. సర్వీసు కాంట్రాక్టు డబ్బు ఏటా ముందే కడుతున్నదాన్ని. ఆ మాట నాకు ఈరోజుకీ మింగుడుపడటం లేదు. దాన్ని తిప్పి పంపేశాను. ఇక ఆ డీలరు దగ్గర దూది కూడా కొనను.

నా తప్పు కూడా చెప్పాలి. మసక మొదలైన వారంలోనే ఒక కింది దవడ పన్నుకి సర్జరీ చేశాను. సరిపోతుందిలే అనుకున్నాను, ఆపాల్సింది. ఆ పేషెంటుకి నేనే పిలిచి చెప్పాను. ఆరు నెలలకి తీయాల్సిన ఎక్స్‌రే మూడు నెలలకే నా ఖర్చుతో తీస్తాను. మళ్లీ చేయాల్సి వస్తే ఫీజు తీసుకోను.

మిగతావాళ్లకి లూప్స్‌తో, అంటే కళ్లజోడుకి బిగించే భూతద్దాలతో, చేసేయాలా వద్దా అన్నది మూడు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. స్కోప్ కొనకముందు ఎనిమిదేళ్లు లూప్స్ పెట్టుకునే చేశాను. నా చేతి మీద నాకు నమ్మకముంది, వేరే డాక్టరు దగ్గరికి పంపాలంటే మనసొప్పలేదు. చివరికి 2012లో వచ్చిన ఒక మెటా అనాలిసిస్, అంటే చాలా అధ్యయనాల లెక్కలు కలిపి చూసిన పరిశోధన, మళ్లీ తీసి చదివాను. మైక్రోస్కోప్ గానీ ఎండోస్కోప్ గానీ వాడితే 94 శాతం సఫలం, లూప్స్‌తోనో వట్టి కంటితోనో చేస్తే 88. ముందు పళ్లలో, చిన్న దవడ పళ్లలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. పెద్ద దవడ పళ్లలో తేలింది. నా నమ్మకం కోసం మీ పన్నుని పణంగా పెట్టలేను.

అందుకని ముందు పళ్లు, చిన్న దవడ పళ్లు లూప్స్‌తో చేస్తాను. పెద్ద దవడ పళ్లు ఆపేశాను. ఆగలేనంత నొప్పి ఉంటే గుంటూరులో మైక్రోస్కోప్ ఉన్న డాక్టరుకి ఉత్తరం రాసిస్తాను, స్కాన్ కాపీ కూడా ఇస్తాను. అడ్వాన్సు అడిగిన రోజే వాపసు.

ఇంకో మాట. స్కోప్ వచ్చినంత మాత్రాన అందరికీ సర్జరీ చేయను. 2008లో కొరియాలో చేసిన అధ్యయనంలో, జబ్బు వేరు కొనకే పరిమితమైన పళ్లలో 95 శాతం మానాయి, చిగుళ్ల జబ్బుతో ఎముక కూడా కరిగినవాటిలో 77.5 శాతమే. అందుకే ముందు చిగురు లోతు కొలుస్తాను. క్యాప్ కింద లీకు ఉంటే అది మార్చాకే కత్తి పడతాను. ఇందుకు కోపగించుకుని వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. అయినా మార్చుకోను.

కొత్త స్కోప్‌కి వేరే చోట ఆర్డరిచ్చాను. రాగానే రూపాయి బిళ్ల మీద పెట్టి అంచుల దాకా చూసుకుని, అప్పుడే మీకు డేట్లు ఇస్తాను.