మూడోది అంటే మూడో ర్యాంకు కాదు

సంపాదకునికి,

మొన్న మా మనవరాలు గ్రూప్స్ కోచింగ్‌లో ఇచ్చిన బిట్ పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. 'మూడో ప్రపంచ దేశాలు అనగా?' అన్న బిట్‌కు కీలో జవాబు 'పేద దేశాలు'. తను 'అలీన దేశాలు', అంటే ఏ కూటమిలోనూ చేరనివి, అని పెట్టింది, మార్కు పోయింది. "కీ ఎందుకు తప్పవుతుంది తాతయ్యా" అని తనే సర్దుకుంది. ఏళ్ల తరబడి సోషల్ చెప్పినవాణ్ణి, నాకు మాత్రం మింగుడుపడలేదు.

ఈ మాట ఫ్రాన్సులో పుట్టింది. 1952 ఆగస్టులో ఆల్‌ఫ్రెడ్ సోవీ అనే జనాభా శాస్త్రవేత్త ఒక వారపత్రికలో రాశాడు. అది ప్రచ్ఛన్న యుద్ధ కాలం: అమెరికా, దాని మిత్రులు ఒక పక్క, సోవియట్ కూటమి ఇంకో పక్క. ఈ రెంటి మధ్య ఎవరికీ పట్టని దేశాలకు పేరు పెట్టడానికి ఆయన ఫ్రెంచి విప్లవం దాకా వెనక్కి వెళ్లాడు. అప్పట్లో మతగురువులు మొదటి ఎస్టేట్ (అంటే సామాజిక వర్గం), ప్రభువులు రెండోది. రైతులు, కూలీలు, వర్తకులు అందరూ కలిపి మూడోది. దేశంలో దాదాపు జనమంతా వీళ్లే, చెల్లుబాటు మాత్రం లేదు. 1789లో తిరగబడిందీ వీళ్లే. ఈ మూడో ప్రపంచమూ అలాగే తన చోటు తాను అడుగుతుందని సోవీ రాశాడు. ఆ 'మూడు'లో ఉన్నది హెచ్చరిక. మనం దాన్ని రైల్లో మూడో తరగతి పెట్టెలా చూస్తున్నాం. ఆ పెట్టెనైనా 1974లో ఎత్తేశారు!

నిజం చెప్పాలంటే మా మనవరాలి జవాబూ పూర్తిగా సరి కాదు. 1955లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో మూడో ప్రపంచం తరఫున కలిసిన 29 ఆసియా, ఆఫ్రికా దేశాల్లో మనతోపాటు పాకిస్తాన్, టర్కీ కూడా ఉన్నాయి. ఆ రెండూ అప్పటికే అమెరికా వైపు సైనిక కూటముల్లో చేరినవి. అలీనోద్యమం 1961లో బెల్‌గ్రేడ్‌లో మొదలైంది. చైనా లెక్క మరొకటి: 1974లో డెంగ్ సియావోపింగ్ ఐక్యరాజ్య సమితిలో అమెరికాను, సోవియట్‌ను కలిపి మొదటి ప్రపంచంలోనే వేశాడు. ఇక ఏ కూటమిలోనూ చేరని స్విట్జర్లాండ్‌ను పేద దేశం అందామా?

సోవియట్ యూనియన్ 1991లోనే పోయింది. రెండో ప్రపంచమనే ఆ కూటమే లేకుండా మూడో నంబరు ఇంకా నడుస్తోంది. వాన పడి రోడ్డు మీద నీళ్లు నిలిస్తే చాలు, 'థర్డ్ వరల్డ్' అనేస్తున్నాం.

మీ పోటీ పరీక్షల పేజీలో ఈ మాటను 'ప్రచ్ఛన్న యుద్ధ కాలపు విభజన' అని ఒక్కసారి వివరించండి. బిట్లు తయారు చేసేవాళ్లూ ఆ పేజీ చూస్తారు. మా మనవరాలి మార్కు సంగతి నేను అడగడం లేదు, అడిగినా వాళ్లు ఇవ్వరు.

– ఒక రిటైర్డ్ సోషల్ టీచరు, బ్రాడీపేట, గుంటూరు