నీ పై హద్దు గురించి

కాకినాడ

చి. బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. "చల్లటి పరమాణువుల మధ్య ఉంచినా అణువులేమీ తగ్గలేదు నాన్నా, నష్టం ఇంతకు మించదని పై హద్దు ఒక్కటే రాసుకోవాలి" అని నీ ప్రయోగం గురించి నీరసంగా అన్నావు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినన్నాళ్లూ, గుద్దుకున్నా చర్య జరగకపోతే దండగే అన్నాను. చల్లబరిస్తే చర్య నెమ్మదిస్తుందని అర్హీనియస్ సమీకరణం బోర్డు మీద రాసి మరీ చెప్పాను. మీ దగ్గర రెండూ తలకిందులే! 2010లో కొలరాడోలోని బౌల్డర్‌లో పొటాషియం-రుబీడియం అణువుల్ని సున్నా కెల్విన్‌కి, అంటే అంతకన్నా చల్లబరచలేని హద్దుకి, ఒక కెల్విన్‌లో పది లక్షల వంతు కన్నా దగ్గరగా చల్లబరిచి ఉంచారు. అంత చలిలోనూ పక్కన పొటాషియం పరమాణువులుంటే అణువులు చకచకా మాయమయ్యాయి. దాటాల్సిన శక్తి అడ్డంకే లేనప్పుడు చలి ఏం ఆపుతుంది?

మీకు కావలసింది అణువులు మాయం కాకుండా మిగలడం. చిన్నప్పుడు నీ పాలు చల్లార్చడానికి అమ్మ గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో పెట్టేది. మీరు చన్నీళ్ల బదులు చల్లటి పరమాణువుల్ని వాడతారు. అణువు పాడయ్యేలోపు అది చాలాసార్లు ఊరికే గుద్దుకుని వేడి వదిలించుకోవాలి. 2020లో అమెరికాలోని ఎంఐటీ వాళ్లు సోడియం-లిథియం అణువుల్ని సోడియం పరమాణువులతో ఇలాగే 220 నానోకెల్విన్ దాకా చల్లార్చారు (నానోకెల్విన్ అంటే కెల్విన్‌లో వంద కోట్ల వంతు). నష్టం కలిగించే ఒక్క తాకిడికి 50కి పైగా మామూలు తాకిళ్లు జరిగాయట. రెండింటి స్పిన్‌లనూ (వాటిని చిన్న అయస్కాంతాల్లా చేసే గుణం) ఒకే దిక్కుకు పెట్టడంతో చర్యకు దారి దాదాపు మూసుకుపోయింది. ఎంత తెలివి!

నీకు దగ్గరి కేసు లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లది, 2021లో వచ్చింది. అయస్కాంత ట్రాప్‌లో, అంటే అయస్కాంత బలంతో పట్టి ఉంచే బోనులో, కాల్షియం మోనోఫ్లోరైడ్ అణువుల్ని, రుబీడియం పరమాణువుల్ని కలిపారు. అణువు మొదటి భ్రమణ మెట్టు మీదుంటే, అంటే ఒక మెట్టు ఎక్కువ శక్తితో గిరగిరా తిరుగుతుంటే, వేగంగా నష్టం. అట్టడుగు మెట్టు మీదుంటే నష్టమే కనబడలేదు. వాళ్లూ 95 శాతం నమ్మకంతో పై హద్దే రాశారు. ఆ హద్దు ఎంత కిందికి దిగితే, చల్లార్చడం కుదురుతుందన్న ఆశ అంత పెరుగుతుంది. కాబట్టి మీ గైడ్ దగ్గరికి తల వంచుకుని వెళ్లాల్సిన పని లేదు.

నా టెన్షన్ ఒక్కటే. పరమాణువులు లేనప్పుడు అణువులు ట్రాప్‌లో ఎంతసేపు నిలుస్తున్నాయో వేరుగా కొలిచావా? పరమాణువులు ఉన్నప్పటి గీత, లేనప్పటి గీత రెండూ ఒకే గ్రాఫ్‌లో వేసి పంపు. పరమాణువుల సాంద్రత ఎంత కచ్చితంగా తెలుసో కూడా రాయి. అది తప్పితే హద్దూ తప్పుతుంది.

నాన్న